వైజాగ్‌లో బీచ్ రోడ్డు కాకుండా ఇంకేం చూడాలి? రాత్రిళ్లు ఎక్కడ తిరగొచ్చు?

ఓరుగల్లు_అమ్మాయి
డిసెంబర్ మొదటి వారంలో అమ్మానాన్నలతో, తమ్ముడితో వైజాగ్ వస్తున్నాం. కైలాసగిరి, రుషికొండ ఎలాగూ చూస్తాం. నాన్న రిటైరైన సోషల్ మాస్టారు, పాత కట్టడాలంటే ప్రాణం. తమ్ముడికేమో చీకటి పడ్డాక ఊరు చూడాలని ఉంది. అరకు ఈసారి పెట్టుకోలేదు. ఇద్దరికీ నచ్చేలా చెప్పండి ప్లీజ్.

బీచ్‌రోడ్_వాకర్
కురుసుర సబ్‌మెరైన్‌కి సోమవారం సెలవు, చూసుకుని ప్లాన్ చేసుకోండి. సోవియట్ యూనియన్‌లో తయారై 1969లో మన నేవీలో చేరింది. 2001లో రిటైరైంది, మరుసటి ఏడాది నుంచి మ్యూజియం. లోపల గుండ్రటి తలుపుల్లోంచి వంగి, కాలెత్తి దాటాలి. అమ్మగారికి మోకాళ్ల నొప్పులుంటే బయట కూర్చోవడమే మంచిది. రోడ్డుకి అవతల టీయూ-142 విమానం ఉంది, అది తేలిగ్గా చూడొచ్చు.

రాస్‌హిల్_పక్కిల్లు
మాస్టారు వస్తున్నారంటే సగం రోజు వన్‌టౌన్‌కే, అంటే పాత ఊరికే ఇచ్చేయండి. మా ఊరికొచ్చినవాళ్లు ఆర్‌కే బీచ్‌లో ఫొటోలు దిగి వెళ్లిపోతుంటే నాకు బాధగా ఉంటుంది. ఊరు పుట్టింది అక్కడ కాదు, హార్బర్ పక్కన.

పొద్దున్నే రాస్‌హిల్ ఎక్కండి. పైన మేరీమాత చర్చి, పక్క కొండ మీద ఇషాక్ మదీనా బాబా దర్గా, ఇంకో కొండ మీద వెంకటేశ్వరస్వామి గుడి. మూడూ హార్బర్ నోటి దగ్గరే ఉన్నాయి. డిసెంబర్ 8న మేరీమాత ఉత్సవానికి అన్ని మతాలవాళ్లూ కొండెక్కుతారు, కుదిరితే ఆ రోజే రండి. పైనుంచి చూస్తే ఎదురుగా డాల్ఫిన్ నోస్ కొండ, మధ్యలో సన్నటి కాలువ. పెద్ద ఓడ ఒకటి టగ్గుల (ఓడల్ని లాగే చిన్న పడవల) సాయంతో ఆ సందులోంచి మెల్లగా లోపలికొస్తుంటే కదలబుద్ధి కాదు.

ఆ కాలువ మామూలుగా వచ్చింది కాదు. ఈ తీరంలో ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి కొట్టుకొస్తూ ఉంటుంది, తవ్వినకొద్దీ పూడిపోయేది. దాన్ని ఆపడానికి రెండు పాత ఓడల్ని రాళ్లతో నింపి డాల్ఫిన్ నోస్ వైపు ముంచేశారు. 1933 అక్టోబర్‌లో ‘జలదుర్గ’ అనే ఓడ మొదటిసారి లోపలికొచ్చింది. ఇసుక ఇవతలికి రాకపోవడంతో ఇప్పుడు ఆర్‌కే బీచ్ కోతకు గురవుతోంది. పోర్టువాళ్లు తవ్వి తీసిన ఇసుకనే పైపుల్లో తెచ్చి బీచ్‌లో పోస్తారు. మీరు నడిచే ఇసుకలో కొంత అదే.

కొండ దిగాక టౌన్‌హాల్, విక్టోరియా రాణి విగ్రహం, కురుపాం మార్కెట్, పాత యూరోపియన్ సమాధులు అన్నీ నడక దూరమే. మాస్టారికి ఇంకోటి చెప్పండి. 1780లో హైదర్ అలీ మీద యుద్ధానికి ఓడలో మద్రాసు వెళ్లమంటే కంపెనీ సిపాయిలు ఇక్కడ తిరగబడ్డారు. 1857కి 77 ఏళ్ల ముందు! పాఠంలో ఒక్క ముక్క కూడా లేదు.

గాజువాక_గోపి
1804 కూడా కలపండి. ఫ్రెంచ్ యుద్ధనౌకలు మన తీరానికొచ్చి ఇంగ్లీషువాళ్ల ‘సెంచూరియన్’తో తలపడ్డాయి, ఒక సరుకు ఓడని పట్టుకుపోయాయి. ఇంక బీచ్ రోడ్డులో విశాఖ మ్యూజియం చూడండి. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు ఊరి మీద వేసిన బాంబు అక్కడుంది. అదే రోజు కాకినాడ మీద కూడా వేశారు.

బీచ్‌రోడ్_వాకర్
‘విక్టరీ ఎట్ సీ’ యుద్ధ స్మారకం దగ్గర ఘాజీ సంగతి కూడా చెప్పాలి. 1971లో పాకిస్తాన్ సబ్‌మెరైన్‌ని మన నేవీ ఇక్కడే ముంచేసింది.

గాజువాక_గోపి
మునిగింది ఇక్కడే, సందేహం లేదు. ఎలా మునిగిందన్న దాని మీద మాత్రం వాదన ఉంది. మన యుద్ధనౌక ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వదిలిన డెప్త్ చార్జీల (నీళ్ల లోపల పేలే బాంబుల) వల్ల అని మనవాళ్లు, లోపలే పేలుడు జరిగిందని పాకిస్తాన్ వాళ్లు అంటారు. మాస్టారికి రెండూ చెప్పడం న్యాయం.

కంచరపాలెం_కుర్రాడు
పోర్టు గురించి ఇంత చెప్పి రంగూన్ ఓడల్ని వదిలేశారేంటి గురూ? ఉత్తరాంధ్ర జనం కూలికీ వ్యాపారానికీ బర్మా వెళ్లింది ఈ తీరం నుంచే కదా. 1942లో జపాన్ దాడికి కొందరు, 1960లలో అక్కడి సైనిక ప్రభుత్వం వ్యాపారాలు లాక్కున్నాక ఇంకొందరు తిరిగొచ్చారు. మా వైపు బర్మా క్యాంప్ అలా ఏర్పడిందే. చూడ్డానికి ఏ బోర్డూ ఉండదు. పెద్దవాళ్లు ఎవరైనా అరుగు మీద కనిపిస్తే మాట కలపండి, రంగూన్ వీధుల పేర్లు ఇప్పటికీ చెబుతారు.

ఓరుగల్లు_అమ్మాయి
నాన్న ఇది చదివి నోట్స్ రాసుకుంటున్నారు 🙂 మరి తమ్ముడి సంగతి?

ఎంవీపీ_మధు
నిజం చెప్పాలంటే హైదరాబాద్ లాంటి పబ్ లైఫ్ ఆశించొద్దు. పెద్ద హోటళ్లలో బార్లు ఉన్నాయి, కానీ ఊరు తొందరగానే పడుకుంటుంది. ఇక్కడ రాత్రంటే సముద్రమే. ఆర్‌కే బీచ్ గోడ మీద కూర్చుని మురీ మిక్చర్ తింటూ చూస్తే, లంగరేసిన ఓడల దీపాలు వరసగా కనిపిస్తాయి. తర్వాత తెన్నేటి పార్కు వైపు ఒక రౌండ్ వేయండి. ఒడ్డు బాగా చీకటిగా ఉన్నచోట నీళ్లలోకి దిగనివ్వొద్దు, అలలు లాగేస్తాయి. ఏటా ప్రాణాలు పోతున్నాయి.

జాలరిపేట_లక్ష్మి
తమ్ముణ్ణి తెల్లవారుజామునే ఫిషింగ్ హార్బర్‌కి తీసుకురండి. బోట్లు జెట్టీకి చేరగానే చేపలు కుప్పలు పోసి వేలం పాట మొదలెడతారు. పాడేవాళ్లలో, తట్టలకెత్తేవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ. వంజరం, చందువ ఒక పక్క, రొయ్యలు ఒక పక్క, కింద ఐసు కరిగిన నీళ్లు. చెప్పులు జారతాయి, పట్టున్నవి వేసుకోండి. దారికి అడ్డం నిలబడి ఫొటోలు తీయొద్దు, అది మా బతుకుదెరువు. అడిగి తీస్తే ఎవరూ కాదనరు. వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, డిసెంబర్‌లో ఇబ్బంది లేదు.

రాస్‌హిల్_పక్కిల్లు
లక్ష్మి గారు చెప్పినట్టు ముందు ఫిషింగ్ హార్బర్, అట్నుంచి ఆటోలో రాస్‌హిల్. ఎండెక్కకముందే కొండ దిగేయొచ్చు. టైముంటే భీమిలి దారిలో తొట్లకొండ కూడా పెట్టుకోండి. బౌద్ధ భిక్షువులు ఉన్న చోటు, రాతిలో తొలిచిన నీటి తొట్లు ఉన్నాయి. తవ్వకాల్లో రోమన్ నాణేలు కూడా దొరికాయి. భీమిలిలో డచ్చివాళ్ల సమాధులు చూసి సాయంత్రానికి వెనక్కి వచ్చేయొచ్చు.

ఓరుగల్లు_అమ్మాయి
8వ తేదీకి ఉండేలా టికెట్లు మార్చుకుంటున్నాం. అమ్మ అడగమంది, ఉత్సవం రోజు కొండ మీదికి ఆటో వెళ్తుందా, నడవాలా?

రాస్‌హిల్_పక్కిల్లు
ఆ రోజు రద్దీ కాబట్టి కింద దిగి నడవాల్సి రావచ్చు. పొద్దున్నే వస్తే అమ్మగారు ఆగుతూ ఆగుతూ ఎక్కగలరు.