బారో, లెండ్, లోన్: మన అప్పు, బదులు, ఎరువు

"ప్లీజ్ బారో మీ ఫైవ్ హండ్రెడ్ రుపీస్" అంటే తప్పేంటి, అవతలివాళ్లకి అర్థమవుతోంది కదా అని నిన్న ఇక్కడ ఒకరు అడిగారు. అర్థమవుతుంది, నిజమే. కానీ వాక్యం తప్పు. ఆ తప్పు మనకి ఎందుకు దొర్లుతుందో చూస్తే తెలుగు గురించి కూడా కొంత తెలుస్తుంది, అందుకే కాస్త పెద్దగా రాస్తున్నాను.

బారో అంటే అప్పుగా తీసుకోవడం, లెండ్ అంటే అప్పుగా ఇవ్వడం. నాకు ఐదొందలు కావాలంటే "కెన్ ఐ బారో" అనో, "కెన్ యూ లెండ్ మీ" అనో అడగాలి. ఎవరి దగ్గర తీసుకున్నామో చెప్పడానికి బారోకి ఫ్రమ్ తగిలిస్తాం, ఎవరికి ఇచ్చామో చెప్పడానికి లెండ్‌కి టు తగిలిస్తాం. "బారో మీ" అంటే "నన్ను అప్పుగా తీసుకో" అన్నట్టు అవుతుంది.

తెలుగులో అప్పు అన్న మాట ఎటునుంచి ఎటు వెళ్తోందో చెప్పదు. అప్పిచ్చాడు, అప్పు తెచ్చాడు, అప్పు చేశాడు, అప్పు తీర్చాడు, ఊరంతా తిరిగినా అప్పు పుట్టలేదు... పక్కనున్న క్రియే అంతా చెప్తుంది. ఇంగ్లీషులో అదంతా ఒక్క క్రియలోనే ఇమిడి ఉంటుంది. మనం అప్పుకి సరిపడే ఇంగ్లీషు మాట ఏదని వెతుక్కుని, ముందు దొరికిన బారోని రెండు వైపులా వాడేస్తాం. జర్మన్‌లో లైహెన్ అనే క్రియని ఇవ్వడానికీ తీసుకోవడానికీ కూడా వాడతారు, కాబట్టి ఈ తికమకలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

మా తమ్ముడు ఉద్యోగంలో చేరిన కొత్తలో పక్క సీటాయనతో "ఐ విల్ బారో యూ మై చార్జర్" అన్నాడు. ఇస్తానని వాడి ఉద్దేశం. ఆయన వీడికే చార్జర్ కావాలేమో అనుకుని తనది తీసి ఇచ్చాడు, చుట్టుపక్కల వాళ్లు నవ్వారు. ఆ తర్వాత చాలా రోజులు వాడు ఆఫీసులో ఇంగ్లీషులో నోరు విప్పలేదు. ఎవరైనా ఒక్క నిమిషం కూర్చోబెట్టి తేడా చెప్పుంటే పోయేది.

లోన్ సంగతి. నామవాచకంగా అందరికీ తెలిసిందే. క్రియగా "హి లోన్డ్ మీ హిజ్ కార్" అనడం అమెరికాలో మామూలు, బ్రిటిష్ వాడుకలో చాలామంది లెంట్ (లెండ్‌కి భూతకాలం) అనడానికే ఇష్టపడతారు. డబ్బు, వస్తువుల వరకు ఏదన్నా ఫరవాలేదు గానీ "లెండ్ ఎ హ్యాండ్" అనే చోట లోన్ పనికిరాదు. అక్కడ మనమైతే "ఒక చెయ్యి వెయ్యి" అంటాం, చెయ్యి అప్పడగం. లెండ్, లోన్ ఒకే మూలం నుంచి వచ్చినవి, లెండ్ చివరి డ తర్వాత చేరింది. బారో పుట్టింది హామీ, పూచీ అనే అర్థమున్న పాత ఇంగ్లీషు మాట నుంచి. అంటే తీసుకునేవాడు పూచీ ఇచ్చి తీసుకోవడం అన్నమాట.

నాకు అసలు చెప్పాలనిపించింది ఇక్కడినుంచి. ఇంగ్లీషు క్రియ ఎటు వెళ్తోందో చెప్తుంది, కానీ తీసుకున్నది ఎలాంటిదో చెప్పదు. పంచదారైనా, నగైనా, లక్ష రూపాయలైనా ఒకటే బారో. మన తెలుగు అలా ఊరుకోదు. వడ్డీకి, నోటు రాసి తెస్తే అప్పు. నాలుగు రోజుల్లో ఇచ్చేస్తానని నోటూ వడ్డీ లేకుండా తీసుకుంటే చేబదులు. పక్కింట్లో గ్లాసుడు పంచదార తెచ్చుకుంటే బదులు, ఆ పంచదార వాడేస్తాం, అంతే కొలత వేరేది తిరిగిస్తాం. పెళ్లికి పిన్ని హారం పెట్టుకెళ్తే అది ఎరువు, ఆ హారాన్నే తిరిగివ్వాలి. కొట్లో సరుకు తెచ్చుకుని డబ్బు తర్వాత ఇస్తే తెలంగాణలో ఉద్దెర. పంటకి ముందు ధాన్యం తెచ్చుకుని, కోతలయ్యాక ఎక్కువ కలిపి ధాన్యమే కొలిచిస్తే నాగు.

ఇవన్నీ మెల్లగా పోయి ఒక్క లోన్ మిగులుతోంది, నాకు అదే బాధ. చేబదులు అనగానే అడిగేవాడికీ ఇచ్చేవాడికీ వడ్డీ మాట ఎత్తకూడదని తెలిసిపోయేది. "చిన్న లోన్ కావాలి" అంటే ఆ మర్యాద ఎక్కడుంది?

పిల్లలకి లెక్కలు చెప్పేవాళ్లకి ఇంకొక్క మాట. తీసివేతల్లో పై అంకె చాలకపోతే పక్క స్థానం నుంచి అప్పు తెచ్చుకోమని మాకు చెప్పేవారు, ఇంగ్లీషు మీడియంలో బారో. అమెరికా బడుల్లో ఇప్పుడు ఎక్కువగా రీగ్రూప్ అంటున్నారు, ఎందుకంటే పక్క స్థానానికి ఏమీ తిరిగివ్వం, పదిని విడగొట్టి ఒకట్లుగా మారుస్తాం అంతే. బారో అనకూడదని పేచీ పెట్టేవాళ్ల వాదన సరైనదే. ఆ లెక్కన వేరే భాష నుంచి తెచ్చుకున్న మాటని అరువు పదం అనడం కూడా తప్పే, బస్సు, రైలు అనే మాటల్ని ఎవరికి తిరిగిస్తాం!

ఎరువు అంటే ఇప్పుడు చాలామందికి పొలంలో వేసేదే గుర్తొస్తోంది, అందుకేనేమో అరువు అనేది ఎక్కువ వినిపిస్తోంది. మీ ఊళ్లో నగ అడిగి తెచ్చుకుంటే ఏమంటారు? పంచదారకీ అదే మాట వాడతారా, వేరే ఉందా? జిల్లా పేరుతో సహా రాయండి.