అప్‌డేట్: హోలో రెండు రాత్రులు ఉన్నాం

ఘనా రాజధాని అక్రా నుంచి హో అనే ఊరికి ఒక్క రోజులో వెళ్లి రావచ్చా, అక్కడే ఉండాలా అని డిసెంబరులో అడిగాను. ఘనాలోని వోల్టా ప్రాంతానికి రాజధాని ఈ హో. రెండు రాత్రులు ఉండమన్నారు, ఉన్నాం. చాలా థ్యాంక్సండీ.

హో చిన్న, ప్రశాంతమైన ఊరు. ఎటు చూసినా దూరంగా కొండలు. అసలు అందమంతా అమెడ్జోఫేలో ఉంది. ఘనాలోని ఎత్తైన ఊళ్లలో అదొకటి, దారంతా వంపులే. అక్కడి నుంచి గెమీ కొండ శిఖరానికి నడిచే వెళ్లాం. పైన పెద్ద ఇనుప శిలువ ఉంటుంది. జనవరి కదా, సహారా నుంచి వచ్చే హర్మటాన్ ధూళి లోయని కప్పేసింది. దూరపు కొండలు కనబడకపోతే బాధేసింది. స్పష్టంగా చూడాలంటే మాత్రం జనవరి వద్దు. అయినా ఆ చల్లగాలికి కిందికి దిగబుద్ధి కాలేదు.

భోజనం సంగతి అడిగినవాళ్లకి: అక్ప్లే తినండి. మొక్కజొన్న పిండితో చేస్తారు, అచ్చం మన సంగటిలాగే ముద్ద. పక్కన బెండకాయ పులుసు, జిగురుగా, కారంగా. చేపలు వేస్తారు కాబట్టి శాకాహారులు ముందే చెప్పాలి. వడ్డించినావిడకి అక్కడివాళ్లు మాట్లాడే ఎవే భాషలో 'అక్పే' అన్నాను, అంటే కృతజ్ఞతలు. ఆవిడ ముఖం వెలిగిపోయింది.

వ్లీ జలపాతానికి టైం చాలలేదు. వానలు పడ్డాక దానికోసమే మళ్లీ వెళ్తాం.