వాటర్ కలర్‌లో వరిపొలం: పచ్చ ఎందుకు బురదవుతోంది?

నారుమడి_27

ఒక కోనసీమ ఫోటో పెట్టుకుని వాటర్ కలర్ వేస్తున్నా. ముందు ఊడ్చి నెల దాటిన పొలం, సరిగ్గా మధ్యలో అడ్డంగా ఒక గట్టు, వెనక కొబ్బరిచెట్ల వరస, పైన మబ్బు పట్టిన ఆకాశం. నాలుగుసార్లు వేశా, నాలుగుసార్లూ ఒకటే వరస. పొలం చిలకపచ్చగా రావాల్సింది పోయి పాచిపట్టిన రంగులోకి దిగిపోతోంది. చెట్లు దూరంగా ఉన్నట్టు కాక పొలానికి అతికించినట్టున్నాయి. ఆకాశం ఆరేసరికి కాలీఫ్లవర్ ఆకారంలో మరకలు తేలుతున్నాయి.

సామాను: 12 ట్యూబుల స్టూడెంట్ సెట్టు, 150 జీఎస్ఎం (చదరపు మీటరుకి 150 గ్రాముల బరువు) ఏ4 డ్రాయింగ్ కాగితం, 8వ నంబరు రౌండ్ బ్రష్, ఒక గ్లాసు నీళ్లు. పచ్చకి సాప్ గ్రీన్, అందులో కొంచెం అల్ట్రామెరైన్, ఎండ తగిలే చోట ముదురు పసుపు, నీడకి నలుపు, లేతగా కావాలంటే తెలుపు. మంచి పచ్చ ట్యూబ్ ఒకటి విడిగా కొంటే సరిపోతుందా? ఏది కొనాలి?

తడికాగితం

పచ్చ ట్యూబ్ కొనకండి. గిన్నెలో రంగులు ఇప్పటికే ఎక్కువయ్యాయి, గొడవంతా అదే.

ట్యూబ్ వెనక చిన్న అక్షరాల్లో పిగ్మెంట్, అంటే రంగు పొడి, కోడ్ వేస్తారు. పీబీ అంటే నీలాలు, పీవై పసుపులు, పీఆర్ ఎరుపులు, పీజీ పచ్చలు. పీబీ 29 అల్ట్రామెరైన్, పీబీ 15 థాలో బ్లూ. (చౌక సెట్లలో కొన్నిటికి కోడ్ ఉండదు, అప్పుడు పేరే దిక్కు.) సాప్ గ్రీన్ తిప్పి చూస్తే మామూలుగా రెండు మూడు కోడ్లు కనిపిస్తాయి. అంటే కంపెనీవాళ్లే ముందుగా కలిపి పెట్టిన రంగది. దాని మీద మీరు అల్ట్రామెరైన్, పసుపు, నలుపు, తెలుపు వేస్తున్నారు. కాగితం మీద ఆరేడు రకాల పొడి చేరింది. ప్రతి పొడీ తన వంతు వెలుతురు మింగుతుంది, చివరికి కంటికి వచ్చేది బూడిద రంగు. ఒక మిశ్రమంలో రెండు పిగ్మెంట్లు, మహా అయితే మూడు.

రెండో తప్పు నీలంలో ఉంది. అల్ట్రామెరైన్ ఊదా వైపు మొగ్గే నీలం, అంటే అందులో కొంత ఎరుపు దాక్కుని ఉంటుంది. గుడ్డుసొన రంగు పసుపులోనూ అంతే. పచ్చని చంపేది ఎరుపే. ఆ రెండూ కలిపితే ఆలివ్ పచ్చ వస్తుంది. ముదురు మామిడాకుకి అది బ్రహ్మాండంగా ఉంటుంది, లేత వరికి మాత్రం పనికిరాదు. మీకు కావలసినవి ఎరుపు జాడ లేని జంట: లెమన్ ఎల్లో (చాలావరకు పీవై 3), థాలో బ్లూ (అందులో పచ్చ వైపు మొగ్గే రకం, పీబీ 15:3, దొరికితే మరీ మంచిది). ముందు బఠాణీ గింజంత పసుపుని నీళ్లతో పలచన చేయండి, తర్వాత బ్రష్ కొసతో ఆవగింజంత నీలం. ఈ వరస తిరగబడకూడదు. థాలో మహా ఘాటు, నీలంలోకి పసుపు కలుపుతూ పోతే పసుపు ట్యూబ్ ఖాళీ అవుతుంది కానీ రంగు తేలదు.

పచ్చ అనే మాటని మనవాళ్లు పసుపుకీ వాడారు, ఆకు రంగుకీ వాడారు. ఎండలో వరిని చూస్తే ఎందుకో అర్థమవుతుంది. మీరు అనుకున్న దానికంటే అందులో పసుపే ఎక్కువ.

నలుపు పక్కన పెట్టండి. పొలం నీడకి అదే పచ్చలో కొద్దిగా బర్న్ట్ సియెన్నా. అది ఇనుము కలిసిన మన్ను, మన జేగురుకి చుట్టం. చెట్ల ముదురుకి థాలో, బర్న్ట్ సియెన్నా కాస్త చిక్కగా. మబ్బుకి అల్ట్రామెరైన్, బర్న్ట్ సియెన్నా: నీలం ఎక్కువైతే వానమబ్బు, సియెన్నా ఎక్కువైతే తడిసిన మట్టి. తెలుపు కూడా వద్దు. లేతదనం కాగితం లోపలి నుంచి రావాలి, నీళ్లు పెంచితే చాలు. తెలుపు కలిసిన పచ్చ సున్నం కొట్టినట్టుంటుంది.

నీళ్ల గ్లాసులు రెండు పెట్టుకోండి. ఒకటి బ్రష్ కడగడానికి, రెండోది రంగులో కలపడానికి. ఒక్క గ్లాసే అయితే పది నిమిషాల్లో మీరు ప్రతి రంగులోనూ కలిపేది బురదనీళ్లే.

గట్టుమీద

రంగుల లెక్క అదే, మార్చాల్సింది లేదు. కానీ చెట్లు పొలానికి అతుక్కోవడానికి కారణం రంగు కాదు, టోన్, అంటే ఎంత లేత, ఎంత ముదురు అన్నది. ఫోటోని ఫోన్‌లో బ్లాక్ అండ్ వైట్ చేయండి. మీ బొమ్మని ఫోటో తీసి దాన్నీ అలాగే చేసి పక్కన పెట్టండి. తేడా అక్కడే దొరుకుతుంది.

వెలుతురు వచ్చేది ఆకాశం నుంచి. పడుకున్న నేల మీద అది నేరుగా పడుతుంది, నిలబడ్డ చెట్టు మీద పడదు. అందుకే మామూలు పగటి వెలుతురులో ఆకాశం అన్నిటికన్నా లేత, తర్వాత పొలం, తర్వాత గట్టు వాలు, అన్నిటికన్నా ముదురు చెట్లు. కాగితం తెలుపుని 1, కటిక నలుపుని 10 అనుకుంటే మీ ఫోటో లాంటి దృశ్యంలో ఆకాశం 1–2, పొలం 3–4, గట్టు 5, దూరపు వరస 6, దగ్గరి చెట్టు ఏదైనా ఉంటే 8. చెట్టూ పచ్చే, పొలమూ పచ్చే కదా అని రెంటికీ ఒకే గిన్నెలోంచి రంగు తీస్తే అతుక్కోక ఏం చేస్తాయి?

దూరపు వరసకి 6 అని, 8 కాదని ఎందుకన్నానంటే మధ్యలో గాలి, తేమ ఉన్నాయి. దూరం పెరిగేకొద్దీ ముదురు చోట్లు లేతబడి నీలానికి తిరుగుతాయి, పసుపు వెనక్కి పోతుంది. అక్కడ లెమన్ ఎల్లో వాడకండి. అల్ట్రామెరైన్‌లో చిటికెడు ముదురు పసుపు చాలు. తడికాగితం గారు పొలానికి వద్దన్న జంట ఇక్కడ సరిగ్గా పనికొస్తుంది.

ఇంకోటి, వాటర్ కలర్ ఆరాక వెలుస్తుంది. తడిగా ఉన్నప్పుడు సరిపోయిందనిపిస్తే రేపటికి తక్కువైనట్టే. అదే కాగితం ముక్క మీద గీత గీసి, ఆరాక చూసి, అప్పుడు బొమ్మ మీద పెట్టండి.

కూర్పు గురించి మీరు అడగలేదు గానీ, సరిగ్గా మధ్యలో గట్టు అన్నారు చూడండి, అక్కడే బొమ్మ రెండు ముక్కలైంది. ఆకాశం ముఖ్యమా, పొలం ముఖ్యమా తేల్చుకోండి. మబ్బు బాగుంటే నేలని కింది మూడో వంతుకి దించండి, పొలం బాగుంటే పైకి ఎత్తండి. ఫోటోలో గట్టు అడ్డంగా ఉందని మీరూ అడ్డంగానే గీయక్కర్లేదు. కొంచెం ఏటవాలు చేస్తే కన్ను దాని వెంట లోపలికి పోతుంది. ఒకటే జాగ్రత్త: అది కాగితం మూలలోంచి మొదలవకూడదు. మూలకి తగిలిన గీత చూపుని బయటికి లాగేస్తుంది. కొబ్బరిచెట్లు సమాన ఎత్తులో సమాన దూరంలో వేస్తే పోలీసు కవాతులా ఉంటాయి. మూడు ఒకచోట గుంపుగా, ఒకటి విడిగా కాస్త వంగి ఉండనివ్వండి. ఆ విడి చెట్టు వెనక మబ్బుని అన్నిటికన్నా లేతగా ఉంచితే చూపు అక్కడే ఆగుతుంది.

రంగు ముట్టుకోకముందు 5×7 సెంటీమీటర్ల పెట్టెలు నాలుగు గీసి, 6బి పెన్సిల్‌తో (మెత్తగా, నల్లగా పడేది) మూడే టోన్లలో నాలుగు రకాలుగా పెట్టి చూడండి. ఒక్కోదానికి రెండు నిమిషాలు మించొద్దు. అంత చిన్న పెట్టెలో ఆకులు వేయడం కుదరదు, అదే దాని ఉపయోగం.

నారుమడి_27

పచ్చ తేలిందండీ! ఫోటో నలుపు తెలుపు చేస్తే నా బొమ్మలో చెట్లూ పొలమూ నిజంగానే ఒకే ముద్ద. ఇప్పుడు విడిపోయాయి. ఆకాశం మరకలు మాత్రం అలాగే ఉన్నాయి. తప్పు కాగితానిదా, చేతిదా?

ముదురునీలం

రెంటిదీ.

ముందు చెయ్యి. రంగు పూశాక కాగితాన్ని కిటికీ వైపు ఏటవాలుగా పట్టుకుని మెరుపు చూడండి. నీళ్లు అద్దంలా మెరుస్తుంటే ఇంకో రంగు వదలొచ్చు, అది మెత్తగా పాకుతుంది. మెరుపు తగ్గి పట్టుగుడ్డలా అయ్యిందంటే అదే ప్రమాదపు ఘడియ. ఆ సమయంలో నీళ్ల బ్రష్ తగిలిందా, బ్రష్‌లో నీళ్లు కాగితంలో నీళ్లకన్నా ఎక్కువ కాబట్టి అవి చుట్టూ పాకుతూ రంగు పొడిని అంచుకి తోసుకుపోతాయి. ఆ అంచే మీ కాలీఫ్లవర్. అప్పుడు మబ్బు అడుగు ముదురు చేయాలనుకుంటే బ్రష్‌ని గుడ్డకి అద్ది, రంగు పెరుగంత చిక్కగా తీసి పెట్టాలి. మెరుపు పూర్తిగా పోయి, చెయ్యి వెనకవైపు ఆనిస్తే ఇంకా చల్లగా ఉందంటే ఇక ముట్టుకోవద్దు. పూర్తిగా ఆరాకే రెండో పొర.

8వ నంబరు బ్రష్ ఏ4 ఆకాశానికి చిన్నది. ఈ చివర చేరేసరికి ఆ చివర ఆరిపోతుంది, మీరు మళ్లీ అక్కడికి పోయి రుద్దుతారు. అంగుళం వెడల్పు ఫ్లాట్ బ్రష్ తీసుకోండి. రంగు ముందే రెండు మూడు టీస్పూన్లు కలిపి పెట్టుకోండి, మధ్యలో అయిపోయి మళ్లీ కలిపితే అదే రంగు రాదు. అట్ట కింద పుస్తకం పెట్టి 15 డిగ్రీలు వాల్చండి, కింద చేరిన నీటి గీతని పిండిన బ్రష్‌తో పీల్చేయండి. వదిలేస్తే అది ఆరుతున్న రంగులోకి వెనక్కి పాకి అక్కడా మరక పెడుతుంది.

ఇక కాగితం. 150 జీఎస్ఎం తడికి ఉబ్బి అలలు లేస్తుంది, పల్లాల్లో నీళ్లు నిలుస్తాయి, అక్కడే ఆలస్యంగా ఆరుతుంది. పైగా డ్రాయింగ్ కాగితానికి వాటర్ కలర్‌కి చాలినంత సైజింగ్ ఉండదు. సైజింగ్ అంటే గుడ్డకి గంజి లాంటిది, రంగుని పైన నిలబెట్టేది అదే. 300 జీఎస్ఎం కోల్డ్ ప్రెస్ (పైన కాస్త గరుకుగా ఉండే వాటర్ కలర్ కాగితం), కుదిరితే పూర్తి కాటన్ కొనండి. ఖరీదు ఎక్కువనిపిస్తే ఏ4 షీటుని రెండుగా కోసి ఏ5లో వేయండి. 200 జీఎస్ఎం అయితే సాగదీయాలి: అయిదు నిమిషాలు నీళ్లలో నానబెట్టి, ప్లైవుడ్ పలక మీద పరిచి, నాలుగు అంచులకీ తడిపితే అంటుకునే గమ్ టేప్ వేసి, రాత్రంతా పడుకోబెట్టి ఆరనివ్వండి. మాస్కింగ్ టేప్ తడి కాగితానికి నిలవదు, ఊడొస్తుంది. వానాకాలంలో కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో ఉంచండి. చెమ్మ పట్టి సైజింగ్ చెడితే రంగు అక్కడక్కడా అద్దుడు కాగితంలో పడ్డట్టు ఇంకిపోతుంది.

డబ్బులు ఒకదానికే ఉంటే కాగితానికే పెట్టండి. రంగులు స్టూడెంట్‌వి అయినా నడుస్తుంది.

ఈనెపుల్ల

సాప్ గ్రీన్ మీద అంత కోపం వద్దు. దానిలో బర్న్ట్ సియెన్నా ఒక్కటి తప్ప ఏమీ కలపకుండా దగ్గరి చెట్టుకి వాడుకోవచ్చు, మూడు నాలుగు పిగ్మెంట్ల దగ్గర ఆగుతుంది. సెట్టులో క్రిమ్సన్ మీద పీఆర్ 83 అని ఉంటే అది మాత్రం గోడకి తగిలించే బొమ్మలో వద్దు, వెలుతురుకి వెలిసిపోతుంది. అనుమానమున్న రంగు ఏదైనా కాగితం ముక్క మీద పూసి, సగం నల్ల అట్టతో కప్పి, ఎండ పడే కిటికీకి రెండు మూడు నెలలు అంటించండి. రెండు సగాలూ ఒకేలా ఉంటేనే వాడండి.

కొబ్బరి మట్టలు అందరూ ఈకల్లా వేస్తారు, మీరూ అలా వేయకండి. ముందు మట్ట నడిమి గీతని మొవ్వు దగ్గర నుంచి బయటికి ఒక్క విల్లు వంపులో లాగండి. రంగు చిక్కగా ఉండాలి, బ్రష్ గుడ్డకి ఒత్తి సగం పొడిగా ఉండాలి. ఆకులు నడిమి గీత నుంచి కిందికి వేలాడాలి, కొస వైపు పొట్టిగా. రెండు వైపులా సమానంగా వేస్తే దువ్వెన అవుతుంది. మీ వైపుకి తిరిగిన మట్ట పొడవుగా కనిపించదు, ఒక ముదురు ముద్ద, దాని కింద నాలుగు కొసలు, అంతే. మట్టల మధ్య ఆకాశం కనిపించే సందులు రెండు మూడు వదలండి. ఆరాక తెలుపుతో సందులు పెడదామనుకుంటే కుదరదు, అక్కడ సున్నపు చుక్కలే కనిపిస్తాయి.