రింగ్ మోడల్‌లో బంప్ జారిపోతోంది: ఫెసిలిటేషన్ కలిపితే వెయిట్లు ఎలా సరిచేయాలి?

కాంప్ట్ బృందం 2000లో ప్రచురించిన స్పైకింగ్ రింగ్ మోడల్‌ను (దిశను గుర్తుపెట్టుకునే వర్కింగ్ మెమరీకి నమూనా; న్యూరాన్లు కోణాల వారీగా వలయంలో ఉంటాయి) బ్రయాన్ 2 అనే న్యూరాన్ సిమ్యులేటర్‌లో కుదించి నడుపుతున్నాను. 2048 పిరమిడల్ (ఉత్తేజపరిచేవి), 512 ఇంటర్‌న్యూరాన్లకు (అణిచేవి) బదులు 512, 128. అందుకు తగ్గట్టు రికరెంట్ కండక్టెన్సులు (న్యూరాన్ల మధ్య కనెక్షన్ల బలం, అంటే వెయిట్లు) 4 రెట్లు పెంచాను, టైమ్‌స్టెప్ 0.1 మి.సె.

180 డిగ్రీల దగ్గర 250 మి.సె. క్యూ (గుర్తుంచుకోవాల్సిన దిశను చూపే ఉద్దీపన) ఇస్తే బంప్ (ఆ కోణం దగ్గరి న్యూరాన్ల గుంపు ఫైరింగ్) చక్కగా లేస్తోంది, క్యూ తీసేశాకా నిలుస్తోంది. కానీ 3 సెకన్లకల్లా 200 దాటేస్తోంది. సీడ్ మారిస్తే 165 వైపు. అంటే వెయిట్లలో మొగ్గేమీ లేదు, ఇది నాయిజే. న్యూరాన్లు నాలుగో వంతైతే డ్రిఫ్ట్ వేరియన్స్ దాదాపు 4 రెట్లవుతుంది, అది సరే. ఎన్ఎండీఏ (నెమ్మదిగా తగ్గే ఉత్తేజక సినాప్టిక్ కరెంట్) డికేని 100 నుంచి 50 మి.సె.కి దించితే మరీ ఘోరం: అన్నీ ఒక్కసారే ఫైరై బంప్ ఆరిపోతోంది.

ఇప్పుడు షార్ట్-టర్మ్ ఫెసిలిటేషన్ (వరుసగా ఫైరైతే సినాప్స్ కాసేపు బలపడటం; బేస్‌లైన్ యూ 0.2, ఫెసిలిటేషన్ టైమ్ కాన్‌స్టంట్ 1500, డిప్రెషన్‌ది 200 మి.సె.) పెడదామని. వెయిట్లను బంప్ రేటు దగ్గరి యూ (విడుదలయ్యే వంతు), ఎక్స్‌ల (మిగిలున్న ట్రాన్స్‌మిటర్ వంతు) లబ్ధంతో భాగించాలా, బ్యాక్‌గ్రౌండ్ రేటు దగ్గరిదాంతోనా? రెండోది చేస్తే రింగంతా అంటుకుపోతుందేమోనని అనుమానం. చేసి చూసినవాళ్లు చెప్పగలరా?