సొలొమోను ఓడల్లో నెమళ్ళు: తుక్కి, తోగై, తోక

అరసున్న: చిన్నప్పట్నుంచీ చెవిలో తిరిగే లైను ఒకటుంది, "యేనుగు దంతములను కోతులను నెమిళ్లను తీసికొని వచ్చుచుండెను", బైబిల్లో రాజుల మొదటి గ్రంథం పదో అధ్యాయం, సొలొమోను రాజుకి సరుకు తెచ్చే తర్షీషు ఓడల ముచ్చట. అక్కడ నెమలికి హీబ్రూలో ఉన్న మాట మనదేనని ఎక్కడో చదివా, ఎక్కడో గుర్తు రావట్లేదు. మనదంటే తెలుగు తోకా, తమిళ తోగైయా?

శకటరేఫ: కాల్డ్వెల్ అనే మిషనరీ అండి, 1856 ద్రావిడ వ్యాకరణం. అక్కడున్న హీబ్రూ మాట తుక్కియ్యీమ్ (ఒక్కటైతే తుక్కి), అది తోగైయే అన్నాడు. ఆయన తిరునెల్వేలిలో కాపురం పెట్టాడు కాబట్టి తోగై అయింది, బందరులో పెట్టుంటే తోకే అయ్యేది 😄

తాటాకు: ఎకసెక్కం బానే ఉంది గానీ మాస్టారూ, మనకి తోక కుక్కకీ ఉంది, చుక్కకీ ఉంది. నెమలి దగ్గరికొచ్చేసరికి పురి అంటాం, పింఛం అంటాం. తమిళంలో తోగై అంటే నెమలి పింఛం, అక్కణ్ణుంచి ఏకంగా నెమలే అయిపోయింది. ఆ అర్థం మన వైపు రాలేదు. రేవులో బేరమాడేవాడు పిట్టని చూపించి "ఈ తోక ఎంత" అంటాడా ఎక్కడన్నా?

శకటరేఫ: అంత పాతకాలంలో ఇది తెలుగు, అది తమిళం అని గట్టు వేసి ఎవరు పెట్టారో చెప్పండి ముందు.

అరసున్న: అది వదిలేయండి, నాకు అడ్డుపడుతోంది వేరే. తోగైలో ఓ దీర్ఘం, క ఒక్కటే. తుక్కిలో ఉ హ్రస్వం, క రెండు. ఇది ఎలా కుదిరింది?

విరామం: అసలు ప్రశ్న ఇప్పుడొచ్చింది. హీబ్రూలో ఉ, ఓ చూపించడానికి వాడే అక్షరం వావ్. రాజుల గ్రంథంలో ఆ మాటని వావ్ లేకుండా రాశారు, దినవృత్తాంతాలు రెండో గ్రంథం 9:21లో వావ్ పెట్టి రాశారు. అచ్చుల గుర్తులూ ద్విత్వం చుక్కా పెట్టింది మసోరెట్లు అనే యూదు పండితులు, అది రాతలోకెక్కిన వెయ్యేళ్ళ పైచిలుకు తర్వాత, అప్పటికి ఆ పిట్ట పేరు పలికినవాడు ఒక్కడూ మిగల్లేదు. కాబట్టి ఆ ఉ మీద పందెం కాయొద్దు. ఇంకోటి చూడండి, అదే కథలో ఓడల్లో వచ్చిన మాను ఒకచోట అల్ముగ్, ఇంకోచోట అల్గుమ్. హల్లులే తారుమారైతే అచ్చుల్ని ఏం నమ్ముతాం.

తాటాకు: అసలు అవి నెమళ్ళేనా అన్నది కూడా తేలలేదుగా. సెప్టువజింట్ అనే పాత గ్రీకు అనువాదంలో అదే వచనంలో నెమళ్ళు లేవు, చెక్కిన రాళ్ళున్నాయి. జెరోమ్ చేసిన లాటిన్ అనువాదానికి వచ్చేసరికి మళ్ళీ నెమళ్ళు దిగాయి. తుక్కి అన్నది ఈజిప్టు మాట, ఒక రకం కోతి అనే వాదం కూడా ఉంది. అదే నిజమైతే మన తెలుగు బైబిల్లో "కోతులను కోతులను" అని ఉండాలి పాపం.

తెనాలిపిల్ల: ఇప్పటి హీబ్రూలో తుక్కి అంటే చిలక అని ఇక్కడ ఎవరూ అనలేదేంటి! హైఫాలో మా కొలీగ్ వాళ్ళ బుడ్డోడి బొమ్మల పుస్తకంలో తుక్కి అని రాసి పైన పచ్చ చిలక, ఎర్ర ముక్కు. నెమలికి తవాస్ అంటారు, అది గ్రీకు నుంచి వచ్చిన మాట. బైబిల్లో మాట ఊరికే పడుంది కదా అని ఇంకో పిట్టకి తగిలించేశారు. మీరేమో ఇక్కడ దీర్ఘాల కోసం కొట్టుకుంటున్నారు.

విరామం: మేడం, చిలకంటే గుర్తొచ్చింది, కొచ్చి యూదుల ఇళ్ళల్లో ఆడవాళ్ళు మలయాళంలో పాడుకునే పాటల్లో కూడా చిలక ఉంటుంది. చేత్తో నోటుపుస్తకాల్లో రాసుకుని తరాలు దాటించారు, 1950ల్లో ఇజ్రాయెల్ వెళ్ళిపోతూ ఆ పుస్తకాలూ పట్టుకెళ్ళారు. నన్నడిగితే యూదులకీ మన దక్షిణాదికీ ఉన్న సంబంధం సొలొమోను ఓడల్లో కంటే ఆ పుస్తకాల్లోనే గట్టిగా దొరుకుద్ది.

చేబ్రోలు చిన్నోడు: కొచ్చి దాకా పోయారు, మా పక్కనున్న కొత్తరెడ్డిపాలెం ఎవరికీ గుర్తు రాలేదు. మేం యూదులం అని చెప్పుకునే బెనె ఎఫ్రాయిమ్ వాళ్ళు అక్కడ సమాజమందిరం కట్టుకున్నారు, శనివారం విశ్రాంతిదినం పాటిస్తారు, ఇంట్లో మాట్లాడేది మాత్రం మన గుంటూరు తెలుగే. తెలుగుకీ హీబ్రూకీ చుట్టరికం ఉందని వాళ్ళలో పెద్దలు కొందరు చెప్తారు.

తాటాకు: తమ్ముడూ, గౌరవం ఉంది గానీ వినడానికి ఒకేలా ఉన్నాయని రెండు మాటల్ని అన్నదమ్ముల్ని చేసేస్తే భాషాశాస్త్రం ఎందుకిక.

చేబ్రోలు చిన్నోడు: శాస్త్రం అని నేననలేదు అన్నా. వాళ్ళు మీతో పోటీకి నిఘంటువు రాయట్లేదు, మాదిగపల్లెలో పుట్టి మేమెవరం అని వెతుక్కుంటున్నారు. తప్పుంటే తప్పనండి, నవ్వమాకండి. కాల్డ్వెల్ రెండు మాటలు కలిపితే సిద్ధాంతం, వీళ్ళు కలిపితే కామెడీనా?

శకటరేఫ: ఇది మాత్రం సూటిగా తగిలింది.

గోల్కొండ బాబాయి: తెలుగునేల మీద యూదు సంబంధం అంటే నాకు ముందు సర్మదే. ఇరాన్ కాషాన్‌లో పుట్టిన యూదుడు, పారసీ కవి, సరుకు అమ్ముకోడానికని వచ్చి సింధులోని ఠట్టాలో అభయ్‌చంద్ అనే కుర్రాడి మీద మనసు పడి బట్టలతో సహా అన్నీ వదిలేశాడు. ఆ తర్వాత మన హైదరాబాదు చేరాడు, కుతుబ్‌షాహీల టైము. రకరకాల మతాల మీద దబిస్తాన్ అనే పారసీ పుస్తకం రాసినాయన 1647లో సర్మద్‌ని ఇక్కడే కలిశాడు. అభయ్‌చంద్ ఆదికాండం మొదలు ముక్క పారసీలోకి తెస్తే సర్మద్ దిద్దాడు, అది ఆ దబిస్తాన్‌లోనే ఉంది. హీబ్రూ తోరా, పారసీ, ఒక హిందూ కుర్రాడు, దిద్దే ఆయనేమో దిగంబరి. ఇంత కథ పెట్టుకుని నెమలి తోక పట్టుకు వేలాడుతున్నారు మీరంతా.

తాటాకు: యూదుడా, అర్మేనియనా? నేను అర్మేనియన్ అని చదివా.

గోల్కొండ బాబాయి: రెండూ రాశారు. స్వయంగా కలిసి మాట్లాడిన దబిస్తాన్ ఆయన మాత్రం చదువుకున్న యూదుల కుటుంబం, రబ్బీల దగ్గర నేర్చుకున్నాడు అన్నాడు, నేను ఆయన్నే నమ్ముతా. ఇక్కడ అక్షరాల కోసం ఇంత గొడవ పడుతున్నారు కదా, సర్మద్ గొడవా అదే. ముస్లింల విశ్వాసవాక్యం కలిమాలో "లా ఇలాహ" దాకా పలికి ఆపేసేవాడట, అంటే దేవుడు లేడు అన్నంతవరకే. మిగతాది అనవేం అంటే నేనింకా కాదనే మెట్టు మీదే ఉన్నా, అవుననే దాకా ఎక్కలేదు, అబద్ధం ఎలా ఆడను అన్నాడంటారు. ఔరంగజేబు కాలంలో తల తీయించారు. ఢిల్లీ జామా మసీదు మెట్ల దగ్గర దర్గా ఉంది, గోడలన్నీ ఎర్ర రంగు. ఆయన రుబాయీలు, అంటే నాలుగు పాదాల పద్యాలు, చదవండి ఒకసారి.

తెనాలిపిల్ల: బాబాయ్, తెలుగులో ఎవరన్నా చేశారా ఆ రుబాయీలు?

గోల్కొండ బాబాయి: నేను నాలుగు చేశానమ్మా, ఆటవెలదిలో కుదరట్లేదు, తేటగీతిలోకి మార్చి పెడతా.

శకటరేఫ: పెట్టండి పెట్టండి. ఈలోపు నాదొకటి, హీబ్రూలో బియ్యానికి ఒరెజ్. మన "వరి" వినపడట్లేదా ఎవరికీ?

విరామం: ఒరెజ్ బైబిల్లో లేదు సార్, బైబిల్ తర్వాతి యూదు ధర్మశాస్త్రం మిష్నా కాలం మాట, గ్రీకు ఒరూజాకి దగ్గరిది.

శకటరేఫ: గ్రీకులకి ఎవరిచ్చారు మరి? కృష్ణ, గోదావరి ఒడ్డున పండేది ఏంటి?

విరామం: సంస్కృతం వ్రీహి ఉంది, పారసీ బ్రింజ్ ఉంది, తమిళం అరిసి ఉంది. ఆ లైన్లో మీ వరి చివర్న నిలబడాలి.

శకటరేఫ: చివర్నెందుకండీ, వేరే పోస్టు పెడతా, అల్లం కూడా కలిపి. హీబ్రూలో అల్లానికి జంగ్విల్, దాని పక్కన ఇంజి పెట్టి చూడండి. ఇంజి తమిళానిదే, అది ముందే ఒప్పేసుకుంటున్నా, మళ్ళీ అందరూ మీద పడకండి.