అప్‌డేట్: నాన్నకి కొబ్బరి నీళ్లు ఆపేశాం

పోయిన నెల అడిగాను కదా, మాది శ్రీకాకుళం జిల్లా కవిటి దగ్గర, నాన్నకి క్రియాటినిన్ (కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్తపరీక్ష, పెరిగితే కిడ్నీలు దెబ్బతిన్నట్టు) 3.1 వచ్చింది, రోజూ కొబ్బరి నీళ్లు ఇస్తే కిడ్నీలు బాగుపడతాయా అని. దాదాపు అందరూ తాగించమన్నారు, మా మామయ్యకి తగ్గిందని ఒకరు, సహజమైనది కదా, ఏం కాదని ఇంకొకరు. సొంత చెట్లే కాబట్టి పొద్దున్నే రెండు బొండాలు కొట్టి ఇచ్చేశాం.

ఒక్కరే ముందు వయసు, బీపీ, వాడే మందులు అడిగి, పొటాషియం టెస్టు చేయించండి అన్నారు. చేయిస్తే 5.9. మామూలుగా 5 దాటకూడదట. కొబ్బరి నీళ్లలో పొటాషియం ఎక్కువ, పాడైన కిడ్నీలు దాన్ని బయటికి పంపలేవు, మరీ పెరిగితే గుండె లయ తప్పుతుందని డాక్టరు చెబుతుంటే నా చేతులు చల్లబడిపోయాయి. మోకాళ్ల నొప్పికి వేసుకునే డైక్లోఫెనాక్ కూడా మాన్పించారు, అదీ కిడ్నీకి చేటే.

మొన్నటి టెస్టులో పొటాషియం 4.8 వచ్చింది. క్రియాటినిన్ తగ్గలేదు, వైద్యం నడుస్తోంది.

తాగించమన్నవాళ్ల మీద కోపం లేదు, మంచికే చెప్పారు. కానీ దయచేసి రిపోర్టు చూడకుండా ఎవరికీ అలా చెప్పకండి. ఆ ప్రశ్నలు అడిగినవారికి మా ఇంటిల్లిపాదీ రుణపడి ఉన్నాం.