అప్‌డేట్: మాత్ర మింగకుండానే రెసిస్టెన్స్ అన్న రిపోర్ట్ గురించి

పోయిన నెల అడిగాను కదా, విజయనగరం దగ్గర మా బావకి కొత్తగా హెచ్‌ఐవీ బయటపడింది, ఒక్క మాత్ర మింగకముందే ప్రైవేట్ ల్యాబ్ రిపోర్ట్‌లో కే103ఎన్ మ్యుటేషన్ (వైరస్ జన్యువులో మార్పు, దీంతో కొన్ని మందులకి లొంగదు, దాన్నే రెసిస్టెన్స్ అంటారు) అని వచ్చీసింది, ఇంక మందులు పనిచేయవా ఏటి అని.

హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్‌కి తీసుకెళ్లాను. డాక్టరమ్మ అసలు కంగారు పడలేదు, ఓపీ చీటీ వెనకాల లెక్కేసి మరీ చూపించారు. ఈ వైరస్ కాపీ అయ్యేటప్పుడు పడ్డ తప్పులు దిద్దుకోదంట, మందు వాడని ఒంట్లో రోజుకి 1000 కోట్ల దాకా కొత్తవి పుడతాయంట, దాని జీనోమ్ (మొత్తం జన్యు రాత) చూస్తే 10 వేల అక్షరాల్లోపే, మరి ఎక్కడో ఒకదాంట్లో ఏ తప్పైనా పడకుండా ఉంటదా? అందుకే మూడు మందులు కలిపి ఇస్తారు, మూడిటినీ ఒకేసారి తప్పించుకోడం దానికి కష్టం.

కాపోతే అలా చెదురుమదురుగా పుట్టినవి మామూలు రిపోర్ట్‌లో కనపడవు, కనపడిందంటే అంటించినవాళ్ల దగ్గర్నుంచే వచ్చుంటదన్నారు. అక్కడ బావ తల దించీసుకున్నాడు, నేనూ ఫ్యాన్ వైపు చూశాను.

కే103ఎన్ దెబ్బ నెవిరపిన్, ఎఫావిరెంజ్ లాంటి పాత హెచ్‌ఐవీ మందులకే. ఇప్పుడిచ్చే టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ మాత్రకి దాంతో ఇబ్బంది లేదంట.

రోజుకొకటి, రాత్రి అన్నం తిన్నాక. డబ్బా బియ్యం డ్రమ్ములో దాస్తున్నాడు, అప్పకి తెలుసు, అత్తకి ఇంకా చెప్పలేదు. 6 నెలలకి వైరల్ లోడ్ టెస్ట్ (రక్తంలో వైరస్ ఎంతుందో చూసేది), అది వచ్చాక మళ్లీ రాస్తాను.